నిలబడ్డ కారుకు బేరింగులు అరగవు: పాత ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ రానప్పుడు ఏం చూడాలి

చెన్నై పురసవాక్కంలోనో టి. నగర్‌లోనో ఏదో పాత ఇంటి పోర్టికోలో ఆరేడేళ్లుగా కవరు కింద పడి ఉన్న పద్మినినో, అంబాసిడర్‌నో, తొలి రోజుల మారుతి 800నో మళ్లీ రోడ్డెక్కించాలని ఇంట్లో ఎవరికో బుద్ధి పుడుతుంది. కొత్త బ్యాటరీ వేస్తారు. ట్యాంకులో చెడిపోయిన పెట్రోలు తీసేస్తారు. కార్బురేటర్ కడుగుతారు. ఇంజన్ అందుకుంటుంది. ఆయిల్ ప్రెషర్ చాలడం లేదని చెప్పే ఎర్రటి లైటు మాత్రం ఆరదు. ఆ తర్వాత మెకానిక్ నోట వచ్చే మాట చాలా షెడ్డుల్లో ఒకటే: బేరింగులు పోయాయి సార్, ఇంజన్ దింపాలి.

ఆ మాటకు తలూపే ముందు ఒకటి ఆరా తీయాలి. కారును నిలిపిన నాడు ప్రెషర్ ఎలా ఉండేది? అప్పుడు బాగానే ఉంటే, ఇన్నేళ్లూ తిరగని క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) మీద బేరింగులు అరిగే దారి లేదు. నిలబడి ఉన్న కాలంలో మారేవి వేరు. ఆయిల్ పంపులోంచి కిందికి దిగిపోతుంది. రబ్బరు గట్టిపడుతుంది. సంపు (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున మడ్డి పేరుకుంటుంది. రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే తెరుచుకుని ఆయిల్‌ను వెనక్కు వదిలేది) బిగుసుకుంటుంది. ప్రెషర్ స్విచ్‌లో తుప్పు పడుతుంది. ఆయిల్‌లోకి పెట్రోలో నీళ్లో చేరతాయి. వీటిలో ఎక్కువ భాగం ఇంజన్ దింపకుండానే తేలే పనులు. అప్పటికే ప్రెషర్ తక్కువై, ఆ కారణంగానే కారును మూల పెట్టి ఉంటే అది వేరే సంగతి. అందుకే ఆ కారు చివరగా నడిపిన వాళ్ల జ్ఞాపకం కూడా పరీక్షలో భాగమే. ఎండలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు లైటు మినుకుమినుకుమనేదా అని అడిగితే చాలాసార్లు సగం జవాబు దొరుకుతుంది.

పంపు పని ఆయిల్‌ను తోయడం వరకే. ఆ ఆయిల్ బేరింగుల సన్నటి సందుల్లోంచి బయటికి పోవడానికి ఎంత కష్టపడితే గేజ్ మీద అంత ప్రెషర్ కనిపిస్తుంది. కాబట్టి ప్రెషర్ పడిపోవడానికి మూడే దారులు: పంపుకు ఆయిల్ సరిగా అందకపోవడం, తోసిన ఆయిల్ రిలీఫ్ వాల్వు గుండా తిరిగి సంపులోకి జారిపోవడం, సందులు పెద్దవై లేదా ఆయిల్ పల్చబడి తేలిగ్గా కారిపోవడం. కారు నిలబడి ఉండటం వల్ల మొదటి రెండూ తరచుగా వస్తాయి. మూడోదానిలో ఆయిల్ పల్చబడటం ఒక్కటే దాని ఖాతాలోకి వస్తుంది.

తాళం తిప్పకముందు

డిప్‌స్టిక్ తీసి చూడటం అందరూ చేస్తారు, వాసన చూసేవాళ్లు తక్కువ. ఆయిల్ మట్టం పై గీత దాటి ఉండి పెట్రోలు వాసన కొడితే కారణం దాదాపు ఎప్పుడూ మెకానికల్ ఫ్యూయల్ పంపు డయాఫ్రమే, లేదా కార్బురేటర్‌లో మూసుకోని ఫ్లోట్ నీడిలే. ఎన్నో ఏళ్ల నాటి రబ్బరు డయాఫ్రం ఎండి బీటలు వారి ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలును దృష్టిలో పెట్టుకుని చేసిన రబ్బరు కూడా కాదది. డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా క్రాంక్‌కేసులోకి దిగుతుంది. అలాంటి ఆయిల్‌తో ఇంజన్ నడిపితే ప్రెషర్ పడటమే కాదు, బేరింగుల మీద ఆయిల్ పొర కూడా నిలవదు. ఇక్కడ ఆయిల్ మార్చే ముందు పంపు మార్చాలి. లేకపోతే కొత్త ఆయిల్‌కూ అదే గతి.

పెట్రోలు కాకుండా నీళ్లుంటే డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగినట్టే కనిపిస్తుంది, వాసన ఉండదు. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి, కదలని కారులో అడుక్కి చేరుతుంది. కారును సమమైన నేల మీద రాత్రంతా ఉంచి, డ్రెయిన్ ప్లగ్గును పూర్తిగా విప్పకుండా రెండు మరలు వదులు చేసి కింద గాజు గిన్నె పెడితే మొదట పడే చుక్కలే విషయం చెబుతాయి. సముద్రపు గాలి తగిలే చెన్నైలో ఇంజన్ లోపల చెమ్మ కొంత చేరడం మామూలే. దానికి తోడు ‘బ్యాటరీ దిగిపోకుండా’ వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు ఒకటుంది. అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ఆయిల్ సరిగా వేడెక్కేలోపే ఇంజన్ ఆగిపోతుంది కాబట్టి, మండిన పెట్రోలులోంచి వచ్చిన నీటి ఆవిరి లోపలే చల్లబడి మిగిలిపోతుంది. కొన్ని నెలలు ఇలా సాగితే వాల్వు కవరు లోపల మజ్జిగ రంగు మడ్డి కడుతుంది. ఆ మడ్డే తర్వాత స్ట్రెయినర్ (పంపు ఆయిల్ లాగే గొట్టం చివరి జల్లెడ) మీదకు చేరుతుంది.

2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో వేళచ్చేరి, ముడిచూర్, పళ్లికరణై వంటి చోట్ల మునిగిన కార్లలో కొన్ని ఆ తర్వాత అలాగే నిలిచిపోయాయి. అలాంటి చరిత్ర ఉన్న కారును స్టార్టర్‌తో తిప్పే ప్రయత్నమే చేయకూడదు. స్పార్క్ ప్లగ్గులు తీసి, సంపు దించి లోపల చూశాకే మిగతా మాట.

మునగని కారులో పాత ఆయిల్ పూర్తిగా దించేయాలి. దించిన ఆయిల్‌ను వీధి కాలువలో పోయడం నేరమన్నది అలా ఉంచితే, దాన్ని పళ్లెంలో ఎండలో పెట్టి చూడాలి. వెండి పొడిలాంటి మెరుపు కనిపిస్తే బేరింగు లోహం వస్తోందని అర్థం. అప్పుడు మెకానిక్ మాటకు కొంత బలం ఉన్నట్టే. నల్లగా, మందంగా మాత్రమే ఉంటే కంగారు అక్కర్లేదు.

గేజ్ నిజం చెబుతోందా

డాష్‌బోర్డు లైటు చెప్పేది చాలా తక్కువ. చాలా కార్లలో ఆ స్విచ్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ దగ్గర, అంటే నాలుగు నుంచి ఏడు పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర పనిచేస్తుంది. లైటు ఆరినంత మాత్రాన ప్రెషర్ చాలినంత ఉందని కాదు, వెలిగినంత మాత్రాన లేదని కాదు. స్విచ్ తీగ ఊడదీసి తాళం ఆన్ చేస్తే లైటు ఆరాలి. ఆరకపోతే తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది, ఆయిల్‌కు దానితో సంబంధం లేదు. తీగ ఊడదీస్తే ఆరి, పెడితే వెలుగుతుంటే స్విచ్ చెడిందో, ప్రెషర్ నిజంగా లేదో తేల్చడానికి స్విచ్ స్థానంలో బిగించి ప్రెషర్‌ను నేరుగా చూపే మెకానికల్ గేజ్ ఒక్కటే దారి. కొన్ని పాత కార్లలో ఆయిల్ గొట్టం నేరుగా డాష్‌బోర్డు గేజ్‌కు వస్తుంది. అక్కడ ఆ సన్నటి గొట్టంలో మడ్డి గడ్డకట్టినా ముల్లు కదలదు.

జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో దాని చుట్టుపక్కలో సున్నా నుంచి పది బార్ వరకు చూపే గేజ్, దానికి రెండు మూడు రకాల మరల అడాప్టర్లు ఉన్న కిట్టు దొరుకుతుంది. బ్రిటిష్ పుట్టుక ఇంజన్లకూ జపాన్ ఇంజన్లకూ మరల రకం ఒకటే అనుకోకూడదు. స్విచ్ విప్పి తీసుకెళ్లి దానికి సరిపోయే అడాప్టరే కొనాలి. సరిపోని మరను బలవంతంగా బిగిస్తే బ్లాకులో మరలు పోతాయి, చిన్న పరీక్ష పెద్ద పని అవుతుంది.

పంపును తడపడం

నిలబడ్డ కారులో ప్రెషర్ అసలే రాకపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం పంపు ఎండిపోవడం. పంపు గేర్ల మధ్య, రోటర్ల మధ్య ఉండే సందులను ఆయిల్ పొరే మూసి ఉంచుతుంది. ఏళ్ల తరబడి ఆ ఆయిల్ కిందికి జారిపోతే పంపు గాలిలో తిరుగుతుంది. గాలిని లాగి వదలడం తప్ప సంపులోని ఆయిల్‌ను పైకి లాగే బలం దానికి ఉండదు. మారుతి 800లోని మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్‌లో పంపు క్రాంకు ముక్కు మీదే ఉంటుంది, ఆయిల్ మట్టానికి ఎంతో పైన. పంపు కింద ఉండే ఇంజన్ల కంటే ఇలాంటివి త్వరగా ఎండుతాయి.

మొదటి మెట్టు ఇంజన్‌ను మంటలేకుండా తిప్పడం. కొత్త ఆయిల్ పోసి, కొత్త ఫిల్టర్ వేసి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసేయాలి. ఒక్కో సిలిండర్‌లో ఐదు నుంచి పది మిల్లీలీటర్ల ఇంజన్ ఆయిల్ వేసి, ఒక రాత్రి వదిలేసి, క్రాంకు పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి చేత్తో నాలుగైదు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా బిగుసుకుంటే బలం చూపకూడదు. మారుతి 800 లాంటి టైమింగ్ బెల్టు (క్రాంకు నుంచి క్యామ్‌షాఫ్టును తిప్పే రబ్బరు పట్టీ) ఇంజన్‌లో అసలు దీనికంటే ముందే పాత బెల్టును మార్చేయాలి. తిరగని బెల్టు బాగుంటుందన్న నమ్మకం తప్పు, రబ్బరు మడత దగ్గరే చిట్లుతుంది. చేత్తో హాయిగా తిరిగాక, కాయిల్ తీగ తీసి స్టార్టర్‌తో పది, పదిహేను సెకన్లు తిప్పాలి. నిమిషం ఆగి మళ్లీ. ప్లగ్గులు లేనప్పుడు కంప్రెషన్ ఉండదు కాబట్టి బేరింగుల మీద భారం పడదు, స్టార్టర్ వేగంగా తిప్పగలదు. బ్యాటరీ బలంగా ఉంటే ఈ వేగానికే గేజ్ మీద పది, ఇరవై పీఎస్ఐ కనిపించాలి. మూడు నాలుగు విడతల్లోనూ ముల్లు కదలకపోతే అక్కడితో ఆపేయాలి. ‘స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే వచ్చేస్తుంది’ అనే సలహా ఇన్నేళ్లూ అరగని బేరింగులను ఒక్క నిమిషంలో అరగదీస్తుంది.

ఆగాక పంపుకు పైనుంచి ఆయిల్ ఇవ్వాలి. సులువైన దారి ప్రెషర్ స్విచ్ రంధ్రం. పురుగుమందు కొట్టే చిన్న చేతిపంపు డబ్బాను శుభ్రంగా కడిగి ఆరబెట్టి, అందులో ఒక లీటరు కొత్త ఆయిల్ పోసి, గొట్టం చివర తగిన నిప్పుల్‌ను ఆ రంధ్రంలో బిగించి నెమ్మదిగా ఎక్కించవచ్చు. ఆయిల్ గ్యాలరీల (బ్లాకు లోపలి ఆయిల్ దారుల) గుండా బేరింగులకు చేరుతుంది, కొంత వెనక్కు పంపు వైపూ వెళుతుంది. మధ్యమధ్య క్రాంకును పావు చుట్టు తిప్పుతుంటే అన్ని రంధ్రాలకూ అందుతుంది. ఎక్కించిన ఆయిల్ అంతా చివరికి సంపులోకే వస్తుంది కాబట్టి, ముందు అంత తక్కువ పోసుకోవాలి.

రెండో దారి ఫిల్టర్ కూర్చునే చోటి రంధ్రంలో ఆయిల్ పోస్తూ ఇంజన్‌ను చేత్తో వెనక్కు తిప్పడం. పంపు తిరగబడి ఆయిల్‌ను తనలోకి లాక్కుంటుంది. ఇది గొలుసుతోనో గేర్లతోనో టైమింగ్ ఉన్న పాత ఇంజన్లకే. బెల్టు ఇంజన్లను వెనక్కు తిప్పితే బెల్టు పళ్లు జారే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచేది) తీసి ఆ రంధ్రంలోంచి డ్రిల్లింగ్ మెషిన్‌తో పంపు తిప్పే పద్ధతి. ఇంటర్నెట్‌లో చూసి ఏ కారుకైనా పనికొస్తుందనుకుంటారు. డిస్ట్రిబ్యూటర్‌నూ పంపునూ ఒకే షాఫ్టు తిప్పే ఇంజన్లకే అది చెల్లుతుంది. ఒకప్పుడు మద్రాసులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజన్‌లో ఆ ఏర్పాటు ఉంది. అంబాసిడర్‌కు దశాబ్దాల పాటు వేసిన 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్‌లో పంపు క్యామ్‌షాఫ్టు నుంచి వేరే షాఫ్టుతో తిరుగుతుంది, డిస్ట్రిబ్యూటర్ రంధ్రంలోంచి అందదు. మారుతి 800లో అయితే డిస్ట్రిబ్యూటర్ పైన, పంపు కింద.

ఇన్ని చేసినా పంపు పట్టుకోకపోతే పంపు విప్పి, లోపలి ఖాళీ అంతా వాసెలిన్‌తో నింపి బిగించాలి. పెట్రోలియం జెల్లీ వేడికి కరిగి ఆయిల్‌లో కలిసిపోతుంది. బేరింగులకు వాడే గట్టి గ్రీజు మాత్రం పెట్టకూడదు, అది కరగక ఫిల్టర్‌కో ఆయిల్ రంధ్రాలకో అడ్డుపడుతుంది.

ఫిల్టర్ దగ్గర ఒక చిన్న సంగతి. పాత అంబాసిడర్ వంటి వాటిలో గిన్నెలో కూర్చునే పేపర్ ఎలిమెంట్ ఉంటుంది. పాత రబ్బరు రింగు గాడిలోనే అంటుకుపోయి కనబడదు. దాని మీద కొత్తది వేస్తే ప్రెషర్ రాగానే ఆయిల్ అంతా రోడ్డు మీదకు వచ్చేస్తుంది. సూదితో గీకి పాతది తీయాలి.

పడే తీరే అసలు ఆధారం

ప్రెషర్ వచ్చింది కానీ తక్కువ వచ్చింది అనుకుందాం. ఎంత ఉండాలి? బీఎంసీ ఇంజన్‌కు వేడెక్కాక నడుస్తున్నప్పుడు సుమారు 50 పీఎస్ఐ, ఐడిల్‌లో 15 అటూ ఇటూ మంచి లెక్క. మిగతా పాత ఇంజన్లకు వెయ్యి ఆర్‌పీఎంకు పది పీఎస్ఐ అనే మోటు లెక్క వాడుకలో ఉంది, అది కనీసపు హద్దుగా పనికొస్తుంది. కొలిచేది మాత్రం ఇరవై నిమిషాలైనా రోడ్డు మీద నడిపాకే. ఆయిల్ నీళ్ల కంటే నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చినా సంపు ఇంకా చల్లగానే ఉండవచ్చు. ఐడిల్ వేగం కూడా సరిచూడాలి. 600 దగ్గర తిరుగుతున్న ఇంజన్‌లో ప్రెషర్ తక్కువ కనిపిస్తే ముందు తిప్పాల్సింది కార్బురేటర్ స్క్రూ.

చల్లగా ఉన్నప్పుడు మంచి ప్రెషర్, వేడెక్కాక ఐడిల్‌లో బాగా తక్కువ, వేగం పెంచితే మళ్లీ పైకి: ఇది పల్చని ఆయిల్ లేదా అరుగుదల గుర్తు. చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా, వేగం ఎంత పెంచినా 20, 25 దాటనంటే రిలీఫ్ వాల్వు తెరిచి ఇరుక్కుంది. ఐడిల్‌లో బాగుండి, వేగం పెంచేకొద్దీ పడిపోతూ, ఇంజన్ ఆపి పది నిమిషాల తర్వాత మళ్లీ బాగుంటే స్ట్రెయినర్ మూసుకుపోయింది. లాగుడుకు మడ్డి జల్లెడకు అతుక్కుంటుంది, ఆపగానే రాలిపోతుంది. నిలబడ్డ కార్లలో ఇది ఎంత మామూలో అంత తరచుగా బేరింగుల ఖాతాలో పడుతుంది. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ప్రెషర్ చాలా ఆలస్యంగా వచ్చి, ముల్లు వణుకుతూ, డిప్‌స్టిక్ మీద నురగ కనిపిస్తుంటే లాగుడు గొట్టం దగ్గర గాలి చేరుతోంది. చీలిన స్ట్రాతో బొండం నీళ్లు తాగినట్టు, పంపు ఎంత లాగినా సగం గాలే వస్తుంది. గొట్టం జాయింటులో ఓ-రింగో, గాస్కెటో గట్టిపడి ఉంటుంది. పరీక్ష కోసం అర లీటరు ఆయిల్ అదనంగా పోసి చూడవచ్చు. జాయింటు ఆయిల్‌లో మునిగి ప్రెషర్ బాగుపడితే అనుమానం తీరుతుంది. మట్టం పెరిగినా మార్పు లేకపోతే మాత్రం అది జాయింటు తప్పు కాదనలేం, జాయింటు ఇంకా పైన ఉండవచ్చు. అదనంగా పోసింది వెంటనే తీసేయాలి.

రిలీఫ్ వాల్వు అనుమానమైతే అదృష్టమే. బీఎంసీ ఇంజన్‌లో బ్లాకు పక్కన, వెనకవైపు గోపురం తల నట్టు కింద అది బయటికే ఉంటుంది. నట్టు, వాషర్లు, స్ప్రింగు, గిన్నె ఆకారపు ప్లంజర్ వరసగా వస్తాయి. ప్లంజర్ బయటికి రాకపోతే అదే జబ్బు. కిరోసిన్ వేసి, మెత్తటి కర్రతో లాగి, కూర్చునే అంచు శుభ్రం చేసి, స్ప్రింగు పొడవు కొత్తదానితో పోల్చాలి. ఇక్కడే కొన్ని షెడ్డుల్లో ఒక చిట్కా వాడతారు: స్ప్రింగు వెనక అదనంగా వాషర్ పెట్టడం. గరిష్ఠ ప్రెషర్ పెరుగుతుంది, గేజ్ చూసి యజమాని సంతోషిస్తాడు. వేడి ఐడిల్‌లో వాల్వు ఎలాగూ మూసే ఉంటుంది కాబట్టి అక్కడ ఒక్క పీఎస్ఐ కూడా కలవదు. చల్లటి ఉదయాన ఫిల్టర్ సీలు పగలడం మాత్రం దానివల్ల వచ్చే కొత్త బెడద.

స్ట్రెయినర్‌కు సంపు దించక తప్పదు. ఇంజన్ ఫ్లష్ పోసి ఐదు నిమిషాలు తిప్పితే మడ్డి కరిగిపోతుందన్నది పాత ఇంజన్‌లో నమ్మరాని మాట. ఊడిన పొరలు ఒక్కసారిగా జల్లెడ మీదకే వస్తాయి. సంపు దించి కిరోసిన్‌లో కడగడం మోటు పనే, కానీ పని పూర్తవుతుంది. సంపు దిగినప్పుడే ఒకటి రెండు బేరింగు క్యాపులు విప్పి చూసుకోవచ్చు. క్యాపుల వరస, దిక్కు గుర్తు పెట్టుకోవాలి. అప్పుడే పంపునూ కొలవాలి. బీఎంసీ తరహా రోటర్ పంపులో రోటర్ల మొహానికీ మూతకూ మధ్య సందు 0.12 మిల్లీమీటర్లు, బయటి రోటర్‌కూ బాడీకీ మధ్య 0.25, పళ్ల మధ్య 0.15 దాటకూడదు. మొహం దగ్గరి సందు ఎక్కువైతే సన్నటి ఎమెరీ కాగితాన్ని మందపు అద్దం మీద పరిచి బాడీ అంచును రుద్ది తగ్గించవచ్చు. పళ్లు అరిగితే మార్చడమే. పుదుపేటలో విడదీసిన ఇంజన్ల పంపులు దొరుకుతాయి. ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి రేకుల కట్ట) జేబులో పెట్టుకుని వెళ్లి, మూత విప్పి కొలిచాకే డబ్బు ఇవ్వాలి. అక్కడ ఉన్న పంపూ ఏదో నిలబడ్డ కారులోంచి వచ్చిందే.

బేరింగులే దోషి అని తేలితే ఎంత అరుగుదలకు ఎంత ప్రెషర్ పోతుందో తెలిసి ఉండటం మంచిది. రెండు అంగుళాల జర్నల్‌కు (బేరింగులో తిరిగే క్రాంకు భాగానికి) 0.05 మిల్లీమీటర్ల సందు మామూలు. సందు రెట్టింపైతే కారే ఆయిల్ రెట్టింపు కాదు, సుమారు ఎనిమిది రెట్లవుతుంది. సన్నటి సందులో ప్రవాహం సందు వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే ‘కొంచెమే అరిగింది’ అన్నదానికి ఇక్కడ అర్థం లేదు. నలిగిన వెడల్పును బట్టి సందు ఎంతో చెప్పే ప్లాస్టిగేజ్ దారంతో కొలిచి చూడాలి. జర్నల్ మీద గోటికి తగిలే గీతలు లేకుండా, గుండ్రంగా ఉంటే షెల్లులు (బేరింగులోని మార్చుకోదగ్గ అరవంపు రేకులు) మార్చితే చాలు. లేకపోతే గ్రైండింగ్, దానికి తగ్గ అండర్‌సైజ్ షెల్లులు. బీఎంసీ ఇంజన్లకు ఇవి పది, ఇరవై, ముప్పై, నలభై థౌ (అంగుళంలో వెయ్యో వంతు) కొలతల్లో వస్తాయి. ముందు చేసినవాళ్లు ఎంత గ్రైండ్ చేశారో షెల్లు వెనక ముద్ర చూడకుండా లేత్‌కు పంపకూడదు.

ఆయిల్ విషయం త్వరగా తేల్చేయవచ్చు. బీఎంసీ ఇంజన్‌కు 20డబ్ల్యూ-50 చెన్నై ఎండకు సరిగ్గా నప్పుతుంది. మారుతి 800కు కంపెనీ చెప్పిన గ్రేడే వాడాలి. లైటు ఆర్పడానికి చిక్కటి ఆయిల్ పోస్తే గేజ్ మీద అంకె పెరుగుతుంది, సన్నటి రంధ్రాల గుండా రాకర్లకు చేరే ఆయిల్ తగ్గుతుంది.

అన్నీ సర్దుకున్నాక తొలి ఆయిల్‌ను మామూలు గడువు దాకా ఉంచకూడదు. రెండు మూడు వందల కిలోమీటర్లకే దించి, ఫిల్టర్‌ను రేకు కత్తెరతో కోసి, కాగితం మడతలు విప్పి తెల్లటి గుడ్డ మీద పరచాలి. నల్లటి మెత్తటి మసి ఉంటే మరో వెయ్యి కిలోమీటర్లకు ఇంకోసారి మార్చి ఊరుకోవచ్చు. అయస్కాంతానికి అంటుకునే రవ్వలు టైమింగ్ గొలుసు, పంపు, టాపెట్ల వైపు చూపిస్తాయి. అంటని బూడిద రంగు రేకులు బేరింగు పైపొరవి. వాటిలో రాగి రంగు కనిపిస్తే ఆ పొర దాటి అడుగుదాకా అరిగిందని, ఆ కారును ఇంకొక్క కిలోమీటరు కూడా నడపకుండా సంపు దించాలని అర్థం.